గొంతుకు అడ్డం పడితే పంపుతో లాగేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

నేను ఎమర్జెన్సీ విభాగంలో పనిచేస్తానని తెలిస్తే చాలు, పసిపిల్లలున్నవాళ్లు ఈ మధ్య ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "డాక్టరుగారూ, ఇది కొనమంటారా?" అని అడుగుతున్నారు. ముఖానికి మాస్క్ ఆనించి పిడిని ఒక్కసారి నొక్కి పైకి లాగితే గొంతులో ఇరుక్కున్నది బయటికొచ్చేస్తుంది, అదీ వీడియో. లైఫ్‌వాక్, డీచోకర్ అనేవి వీటిలో బాగా తెలిసిన పేర్లు. అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. కొనుక్కుంటే కొనుక్కోండి, నేను వద్దనను. కానీ దాన్ని ఏ క్షణంలో చేతిలోకి తీసుకోవాలో తెలియకుండా కొనొద్దు.

అపోహ: తింటూ దగ్గు మొదలైతే వెంటనే మాస్క్ పెట్టేయాలి

దగ్గు వస్తోందంటే గాలి ఆడుతోందని అర్థం. పొలమారితే మన ఇళ్లలో మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. ఆ తట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. అయినా ఆ కాసేపూ మనిషి దగ్గుతూ ఉంటాడు కాబట్టి నష్టమూ లేదు. గట్టిగా దగ్గమనండి, పక్కనే ఉండండి, అంతే. నీళ్లు తాగించకండి. భయపడాల్సింది శబ్దం ఆగిపోయినప్పుడు. మాట రాదు, దగ్గు రాదు, చేతులు గొంతు మీదికి పోతాయి, పెదాలు నీలంగా మారతాయి. పసిబిడ్డయితే నోరు తెరుస్తుంది గానీ ఏడుపు వినబడదు. అక్కడి నుంచి మెదడు దెబ్బతినడానికి నాలుగైదు నిమిషాలు చాలు. 108 రావడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు పని మొదలుపెట్టాలి.

అపోహ: చేతులతో చేసేదంతా పాత పద్ధతి, ఇప్పుడు పరికరాలు వచ్చాయి

ఆ "పాత పద్ధతి"ని, అత్యవసర చికిత్సకు మార్గదర్శకాలు ఇచ్చే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లోనే సవరించింది. దాని వెనకాల పెద్ద గొడవే ఉంది. 1974లో హెన్రీ హైమ్లిక్ అనే అమెరికన్ సర్జన్, వెనక నుంచి పొట్టను పట్టి లోపలికి, పైకి నొక్కే పద్ధతిని ప్రకటించాడు. అప్పటిదాకా అందరూ వీపు మీద చరిచేవాళ్లు. ఆయన దాన్ని ప్రాణం తీసే దెబ్బలన్నాడు. ఆయన మాట నెగ్గి, 1980ల మధ్యలో అమెరికా మార్గదర్శకాల నుంచి వీపు దెబ్బలు పోయాయి. (96 ఏళ్ల వయసులో, 2016లో, తానుంటున్న వృద్ధాశ్రమం భోజనాల గదిలోనే ఒకామెను తన పద్ధతితో కాపాడాడాయన. అది మాత్రం ఒప్పుకోవాలి.) తర్వాత కెనడాలోని ఆల్బర్టాలో నిజంగా జరిగిన కేసులన్నీ తీసి చూస్తే, ముందుగా వీపు మీద చరిచినవాళ్లలోనే ఫలితం మెరుగ్గా కనిపించింది, గాయాలూ తక్కువ. ఇప్పుడు రెండూ కలిపే నేర్పుతున్నారు.

పెద్దవాళ్లకూ, ఏడాది దాటిన పిల్లలకూ ఇలా చేయాలి. మనిషిని ముందుకు వంచి, ఒక చేత్తో ఛాతీని ఆపుకుని, అరచేతిలో మణికట్టు దగ్గరుండే గట్టి భాగంతో, రెండు భుజాల ఎముకల మధ్య 5 సార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఉంచి, దాన్ని రెండో చేత్తో పట్టుకుని 5 సార్లు లోపలికి, పైకి గుంజాలి. వస్తువు బయటికి వచ్చేదాకా, లేదా మనిషి స్పృహ తప్పేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. గర్భిణి అయినా, నడుము చుట్టూ మీ చేతులు అందనంత లావు మనిషి అయినా పొట్ట వదిలేసి ఛాతీ మీద నొక్కాలి.

ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, లోపల కాలేయం చితుకుతుంది. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా చూసి, వీపు మీద 5 సార్లు. తర్వాత వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక మీద ఒక అరచేతి కింది భాగంతో 5 సార్లు నొక్కాలి. స్పృహ తప్పితే ఎవరికైనా సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, మధ్యమధ్యలో నోటితో ఊపిరి ఇవ్వడం) మొదలుపెట్టాలి. ఊపిరి ఇచ్చే ప్రతిసారీ నోట్లోకి చూసి, కనబడితేనే తీయాలి.

ఇందులో దేనికీ అల్మారా వెతకక్కర్లేదు. డబ్బా తెరిచి, రెండు మాస్కుల్లో ఏది సరిపోతుందో చూసి, బిగించి, బిడ్డను పడుకోబెట్టేలోపు పైన చెప్పిన పని రెండు విడతలు అయిపోతుంది.

అపోహ: ఆసుపత్రిలో వాడే సక్షన్ మిషన్‌కు ఇది చిన్న రూపం

మా దగ్గర సక్షన్ పైపు పీల్చేది కఫాన్ని, వాంతిని, రక్తాన్ని. ఇడ్లీ ముక్కో, ద్రాక్షపండో అడ్డం పడినవాళ్లు వస్తే లారింగోస్కోప్‌తో నాలుకను పక్కకు తప్పించి, లైటు వెలుగులో కళ్లారా చూస్తూ, మ్యాగిల్ ఫోర్సెప్స్ అనే వంకర పట్టకారుతో తీస్తాం. గట్టి వస్తువును గాలి లాగుడుతో తీయడం మా పనిలో లేదు.

ఇంట్లో వాడే పరికరం పూర్తిగా మాస్క్ మీద ఆధారపడుతుంది. కిందికి నొక్కినప్పుడు గాలి పక్కనున్న వాల్వ్ గుండా పోతుంది, లోపలికి పోదు. పైకి లాగినప్పుడు నోట్లోంచి పీలుస్తుంది. మాస్క్ ముఖానికి గట్టిగా అతుక్కోకపోతే పీల్చేది పక్క నుంచి వచ్చే గాలినే. గడ్డం ఉన్నవాళ్లకూ, పళ్లు ఊడి బుగ్గలు లోపలికి పోయిన ముసలివాళ్లకూ అది సరిగ్గా అతుక్కోదు. చిత్రమేమిటంటే, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ ముసలివాళ్లకే. పక్షవాతం వచ్చినవాళ్లకు మరీనూ. వయసులో రెండో చివర ఉన్నది పసిపిల్లలు. 22 పౌండ్లు, అంటే సుమారు 10 కిలోల లోపు పిల్లలకు వాడొద్దని లైఫ్‌వాక్ కంపెనీయే చెబుతోంది. మన ఆరు నెలల, ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ ఆ బరువుకు లోపలే ఉంటారు. కొనేవాళ్లు ఎక్కువమంది వాళ్లను దృష్టిలో పెట్టుకునే కొంటున్నారు!

అపోహ: ఇంతమంది బతికారని కంపెనీ చెబుతోంది, ఇంకా రుజువెందుకు?

పనిచేసిన ఇంటివాళ్లు కంపెనీకి ఉత్తరం రాస్తారు, వీడియో పెడతారు. పనిచేయని ఇంట్లో ఎవరు రాస్తారు? బతికినవాళ్ల కథలు అబద్ధమని నేననను. వాటిలో ఎన్నింటిలో ముందే కొట్టిన వీపు దెబ్బలకు అది సగం కదిలిందో మాత్రం ఎవరూ చెప్పలేరు. శిక్షణకు వాడే మనిషి బొమ్మల మీద పరీక్షలు బాగానే వచ్చాయి. మృతదేహాల మీద చేసిన పరీక్షల్లో ఒకదాంట్లో మంచి ఫలితం వస్తే, ఇంకోదాంట్లో ద్రాక్ష, జీడిపప్పు లాంటివి కదల్లేదు. ఈ రంగంలో సాక్ష్యాలను తూచే అంతర్జాతీయ సంఘం ఐఎల్‌కార్, వీటిని మామూలుగా వాడొద్దని 2020లో సూచించింది. అది బలహీనమైన ఆధారాల మీద ఇచ్చిన సూచన అని కూడా అదే రాసుకుంది. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఏప్రిల్‌లో, ముందు చేతి పద్ధతులే పాటించమని ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది. లాగుడు సరిపోక వస్తువు రాకపోవడం, పెదాల చుట్టూ కమిలిపోవడం, గొంతు లోపల గీరుకుపోవడం లాంటి ఫిర్యాదులు అందాయని చెప్పింది. అదే ఏడాది బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నకిలీలపైనా, పేరూ ఊరూ లేని సరుకుపైనా అక్కడి నియంత్రణ సంస్థ హెచ్చరించింది. చవగ్గా దొరికిందని ఏ సైట్‌లోనో కొనేవాళ్లు ఈ ఒక్క విషయమైనా గుర్తుంచుకోండి.

ఇప్పటికే ఇంట్లో ఉందా? చరచడం, నొక్కడం కొన్ని విడతలు చేసినా రాకపోతే అప్పుడు ప్రయత్నించండి. అది కూడా ఇంకొకరు తెచ్చి ఇస్తే. మీరు చేతులు ఆపి వెళ్లి తెచ్చుకోవద్దు.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. కనబడకుండా నోట్లో వేలు పెట్టి తిప్పితే వస్తువు ఇంకా లోపలికి పోతుంది. పిల్లాణ్ని కాళ్లు పట్టి తలకిందులుగా ఊపొద్దు. చేపముల్లు గుచ్చుకోవడం వేరే సమస్య, అక్కడ ఊపిరి ఆడుతూనే ఉంటుంది. దానికి ఈ పంపు పనికిరాదు, అన్నం ముద్ద మింగించడమూ మంచిది కాదు, ముల్లు ఇంకా దిగబడొచ్చు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అపోహ: బయటికి వచ్చేసింది కదా, ఇక డాక్టర్ ఎందుకు?

పొట్ట నొక్కినవాళ్లందరినీ ఒకసారి చూపించాలి. కాలేయానికో, ప్లీహానికో దెబ్బ తగిలి ఉండొచ్చు. పిల్లల్లో ఇంకో ఇబ్బంది ఉంది. పల్లీ నమిలి ఉంటే సగం బయటికొచ్చి సగం ఊపిరితిత్తుల గొట్టంలోకి జారిపోతుంది. పిల్లాడు మళ్లీ ఆటలో పడతాడు, ఇంట్లోవాళ్లు మర్చిపోతారు. వారం తర్వాత దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి, ఆస్తమా అనుకుని నెబ్యులైజర్ పెట్టిస్తారు. పల్లీ ఎక్స్‌రేలో కనబడదు. పల్లీ, శనగ, సీతాఫలం గింజ, కొబ్బరి ముక్క లాంటివి తింటుండగా ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరి అయ్యాడన్న సంగతి చెబితేనే మాకు అనుమానం వచ్చి బ్రాంకోస్కోపీకి (ఊపిరితిత్తుల గొట్టాల్లోకి కెమెరా ఉన్న గొట్టం పంపి చూడడం) పంపుతాం. రోజులు గడిచినా ఆ మాట డాక్టర్‌కు చెప్పండి, ఆయన అడగకపోయినా సరే.