రోజువారీ సైకిల్‌కు మడ్‌గార్డులు: అపోహలు – వాస్తవాలు

నల్ల రోడ్‌స్టర్ సైకిళ్లే ఎక్కడ చూసినా తిరిగిన కాలంలో మడ్‌గార్డును ఎంచుకోవలసిన అవసరం కొనేవారికి వచ్చేది కాదు. చక్రాన్ని సగం దాకా కప్పే ఇనుప రేకు, దాని కొసన రబ్బరు ఫ్లాపు, ఇరుసు నట్టు కింద బిగించిన కడ్డీలు సైకిల్‌తోపాటే వచ్చేవి. ఇప్పుడు ఆఫీసుకూ కాలేజీకీ వెళ్లడానికి కొంటున్న హైబ్రిడ్, ఎంటీబీ (మౌంటెన్ బైక్) తరహా సైకిళ్లలో చాలావాటికి మడ్‌గార్డులు ఉండవు, ఉన్నా జానెడు ప్లాస్టిక్ ముక్కలే ఉంటాయి. దానితో ఎంపిక, బిగింపు రెండూ కొన్నవారి బాధ్యతే అయ్యాయి. సర్వీసుకు సైకిల్ తెచ్చేవారి నోట తరచుగా వినిపించే అభిప్రాయాలలో ఎంతవరకు నిజముందో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మడ్‌గార్డు బట్టల కోసమే, వానాకాలం దాటితే దానితో పని లేదు.

వాస్తవం: బట్టలు ఉతికితే శుభ్రపడతాయి, కాని చైనులోకి వెళ్లిన ఇసుక అంత తేలికగా బయటకు రాదు. రోడ్డు మీది నీటిలో సన్నని ఇసుక, సిమెంటు బూడిద, వాహనాల నుంచి కారిన నూనె కలిసి ఉంటాయి. ఈ మిశ్రమం చైను లింకుల మధ్యకు చేరితే పెడల్ తొక్కిన ప్రతిసారీ పిన్నులనూ పళ్లచక్రాలనూ అరగదీస్తూనే ఉంటుంది. బీబీ (పెడల్ క్రాంకులు తిరిగే ఇరుసు భాగం) కప్పులలోకీ, హ్యాండిల్ కింది హెడ్‌సెట్ గుండ్లలోకీ పోయిన నీరు పైకి కనబడదు, చప్పుడు మొదలయ్యే నాటికి లోపల తుప్పు పట్టేసి ఉంటుంది. పైగా మన ఊళ్లలో రోడ్డు తడవడానికి వానే రానక్కరలేదు. పగిలిన పైపులైను, నీరు కార్చుకుంటూ పోయే ట్యాంకరు, ఇళ్ల ముందు కడిగి వదిలిన నీళ్లు, కట్టుబడి పనుల దగ్గర రోడ్డెక్కిన సిమెంటు పాలు ఎండాకాలంలోనూ ఎదురవుతాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సోలార్ పలకల పైకప్పు ఉంది కనుక మడ్‌గార్డు అక్కరలేదనేవారూ ఉన్నారు; ఆ ట్రాక్ దాకా వెళ్లే దారికి మాత్రం పైకప్పు లేదు.

అపోహ: వెనుక చక్రానికి ఒకటి ఉంటే చాలు, ముందుది అలంకారం.

వాస్తవం: ఒక్కటే కొనగలిగితే ముందు చక్రానికే కొనమంటాను. వెనుక మడ్‌గార్డు లేకపోతే వీపు మీద బురద చార పడుతుంది, అది అందరికీ కనిపిస్తుంది కనుక అందరూ దాని గురించే మాట్లాడతారు. ముందు చక్రం చేసే నష్టం కాళ్ల దగ్గరా, సైకిల్ అడుగునా జరుగుతుంది కనుక చాలామంది గమనించరు.

చక్రం నుంచి నీటిబొట్టు విడిపోయేటప్పుడు, విడిపోయిన చోట టైరు ఏ దిశలో కదులుతున్నదో ఆ దిశలోనే ఎగురుతుంది. టైరు నేలను విడిచిన వెంటనే, అంటే చక్రం వెనుక భాగంలో బాగా కిందుగా విడిపోయే నీరు దాదాపు నేలకు సమాంతరంగా వెనక్కి దూసుకువచ్చి పాదాలనూ, పెడల్ క్రాంకులనూ, బీబీనీ, చైనునూ తడుపుతుంది. కాస్త పైన విడిపోయేది ఫ్రేము కింది గొట్టాన్ని తాకి అక్కడి నుంచి జారి మళ్లీ బీబీ దగ్గరికే చేరుతుంది. టైరు పైభాగం సైకిల్ వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు కదులుతుంది, కనుక మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అక్కడ విడిపోయిన బొట్టు 40 కిలోమీటర్ల వేగంతో ముందుకు ఎగురుతుంది; గాలికి దాని వేగం తగ్గగానే మీరు దాన్ని అందుకుంటారు, అది ముఖానికి తగులుతుంది.

ఈ మూడింటినీ ఆపాలంటే ముందు మడ్‌గార్డు, ఆ చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే ఫోర్కుకు ముందు వైపు కొంత మేరా, వెనుక వైపు వీలైనంత కిందికీ ఉండాలి. బజారులో దొరికేవాటిలో చాలా వరకు వెనుక వైపు ఇరుసు ఎత్తు దాటి కాస్త కిందికి దిగి ఆగిపోతాయి, పాదాలను తడిపే నీరు దాని కిందుగా తప్పించుకుని వచ్చేస్తుంది. అందుకే పాత రోడ్‌స్టర్ల రబ్బరు ఫ్లాపును నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. నేలకు సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు దాకా దిగే ఫ్లాపును మందపాటి రబ్బరు షీటుతో కత్తిరించుకుని, రెండు చిన్న బోల్టులూ వెడల్పాటి వాషర్లూ వేసి బిగిస్తే, ఖరీదైన మడ్‌గార్డు కూడా చేయలేని పని అది చేస్తుంది. పాత ట్యూబు ముక్క పనికిరాదు. మరీ పలచన కావడంతో గాలికి మడతపడి టైరును తాకుతుంది. గట్టి ప్లాస్టిక్ కూడా వద్దు, స్పీడు బ్రేకరుకో ఫుట్‌పాత్ అంచుకో తగిలితే విరుగుతుంది, లేదా మడ్‌గార్డునే లాగేస్తుంది.

ఒక జాగ్రత్త అవసరం. చిన్న ఫ్రేము సైకిళ్లలో మడ్‌గార్డు బిగించాక హ్యాండిల్ తిప్పితే దాని అంచు బూటు కొసకు తగలవచ్చు. పెడల్‌ను ముందుకు ఉంచి, దాని మీద పాదం పెట్టి, హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పి చూడండి. తగులుతుంటే నెమ్మదిగా మలుపు తిరిగే చోట అది మిమ్మల్ని పడేయగలదు.

అపోహ: టైరు మీద 26 అని ఉంటే 26 మడ్‌గార్డు తెచ్చుకుంటే సరిపోతుంది.

వాస్తవం: వంపు సరిపోవచ్చు, వెడల్పు సరిపోకపోవచ్చు. టైరు పక్కన 37-590 అనో, 50-559 అనో రెండు అంకెల జంట అచ్చయి ఉంటుంది; మొదటిది టైరు వెడల్పు, రెండవది టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. పై రెండు టైర్లనూ బజారులో 26 అనే పిలుస్తారు. రిమ్ములో 31 మిల్లీమీటర్ల తేడా ఉన్నా, టైరు ఎత్తు కలుపుకున్నాక బయటి చుట్టు ఇంచుమించు ఒకటే అవుతుంది, కనుక వంపు రెండింటికీ కుదురుతుంది. కాని మొదటిదాని కోసం చేసిన సన్నని మడ్‌గార్డు రెండవదాని మీద వేస్తే టైరు పక్కల నుంచి నీరు యథేచ్ఛగా బయటకు వస్తుంది. మడ్‌గార్డు వెడల్పు టైరు కంటే 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. హైబ్రిడ్ సైకిళ్లకు వచ్చే 35 మిల్లీమీటర్ల టైరుకు 45 మిల్లీమీటర్ల మడ్‌గార్డు చక్కగా సరిపోతుంది. అయితే ఆ వెడల్పు ఫోర్కు కాళ్ల మధ్యా, వెనుక ఫ్రేము గొట్టాల మధ్యా పట్టాలి, కొనేముందు స్కేలు పెట్టి కొలుచుకోవడం తప్పనిసరి.

అపోహ: టైరుకు ఎంత దగ్గరగా బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: తారు రోడ్డు మీద మాత్రమే ఇది కొంతవరకు నిజం. అక్కడ 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు, చాలు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి దారులలో వర్షానంతరం సైకిల్ తొక్కినవారికి ఆ సందు ఎంతసేపు మిగులుతుందో తెలుసు. రేగడి మట్టి టైరుకు పొరలు పొరలుగా అంటుకుని, మడ్‌గార్డు లోపల గట్టిపడి, కొద్ది దూరంలోనే చక్రాన్ని తిరగనివ్వకుండా చేస్తుంది. అలాంటి దారి రోజూ తప్పనివారు కనీసం బొటనవేలు ధారాళంగా దూరేంత ఖాళీ వదలాలి, లేదా ఆ నెలలలో టైరుకు బాగా ఎత్తున ఉండే ఎంటీబీ తరహా మడ్‌గార్డు వాడుకోవాలి. దానితో తుంపర కొంత పడుతుంది, కాని చక్రం తిరుగుతుంది.

ఇరుకు సందులో మరో ప్రమాదం కూడా ఉంది, దాని గురించి అమ్మేవారు సాధారణంగా చెప్పరు. ముందు చక్రం వెనుక భాగం ఎప్పుడూ కింది నుంచి పైకి కదులుతుంది, కనుక అక్కడ చిక్కుకున్న పుల్లనో, గోనె పీలికనో, సిమెంటు సంచి ముక్కనో టైరు పైకి లాక్కుపోతుంది. అది ఫోర్కు మెడ కింద ఇరుక్కుంటే మడ్‌గార్డు మడతపడి చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, తొక్కేవారు హ్యాండిల్ మీదుగా ముందుకు పడతారు. జర్మనీకి చెందిన ఎస్‌కేఎస్ వంటి కంపెనీలు ముందు కడ్డీల చివర గట్టిగా లాగితే ఊడివచ్చే ప్లాస్టిక్ క్లిప్పులు ఇస్తున్నది ఇందుకే. అవి ఊడిపోతున్నాయని విసుగుతో వైరు చుట్టి కట్టేసిన సైకిళ్లు మా దగ్గరికి వస్తుంటాయి. ఆ వైరును తప్పకుండా విప్పించుకోండి. క్లిప్పులు లేని మడ్‌గార్డు అయితే ముందు చక్రం దగ్గర సందు విషయంలో పిసినారితనం వద్దు.

అపోహ: ఫ్రేముకు రంధ్రాలు లేకపోతే, డిస్క్ బ్రేకు ఉంటే, షాక్ అబ్జార్బర్ ఉంటే పూర్తి మడ్‌గార్డు పట్టదు.

వాస్తవం: మూడూ వేర్వేరు సమస్యలు. ఇరుసు దగ్గర మరతో ఉన్న రంధ్రాలు లేకపోతే, లోపల రబ్బరు పొర ఉన్న ఉక్కు పట్టీలను గొట్టం చుట్టూ వేసి వాటికి కడ్డీలను బిగించవచ్చు. ప్లాస్టిక్ ట్యాగులు వారం రోజుల పనికి సరే, తరువాత అవి జారడమో, రంగును కోసివేయడమో చేస్తాయి. కార్బన్ ఫోర్కు మీద మాత్రం పట్టీ బిగించవద్దు. డిస్క్ బ్రేకు ఉన్న వైపు, డిస్కును నొక్కిపట్టే క్యాలిపర్ అడ్డొస్తుంది. పొడవైన బోల్టు వేసి, మధ్యలో గొట్టపు స్పేసర్ పెట్టి, కడ్డీని బయటికి జరిపితే సరిపోతుంది, కాని ఆ కడ్డీ డిస్కునూ బ్రేకు కేబులునూ తాకకూడదు.

షాక్ అబ్జార్బర్ ఫోర్కులోనే అసలు చిక్కు. దానిలో కింది కాళ్లు మాత్రమే చక్రంతోపాటు పైకి కిందికీ కదులుతాయి, పైన మెడ కదలదు. మడ్‌గార్డును మెడకు బిగిస్తే, గుంతలో పడి ఫోర్కు అణిగినప్పుడు టైరు వచ్చి దానికి కొట్టుకుంటుంది. కనుక మడ్‌గార్డు పైకొస, కడ్డీలు అన్నీ కింది కాళ్లకూ వాటిని కలిపే వంపుకే ఆనుకోవాలి. అలాంటివి దొరకకపోతే ఫోర్కు పూర్తిగా అణిగినా తగలనంత ఎత్తున బిగించే రకమే శరణ్యం.

అపోహ: ఇనుప మడ్‌గార్డు జీవితాంతం ఉంటుంది, ప్లాస్టిక్ నాసిరకం.

వాస్తవం: ఇనుము లోపలి వైపు నుంచి, ముఖ్యంగా కడ్డీల రివెట్ల దగ్గర తడిమట్టి నిలిచే చోట తినుకుపోతుంది, విశాఖపట్నం వంటి తీర నగరాలలో ఉప్పుగాలి ఆ పనిని ఇంకా త్వరగా చేస్తుంది. పలచని ప్లాస్టిక్ నిజంగానే ఎండకు పెళుసుబారుతుంది, కాని మంచి పాలీకార్బొనేట్ తుప్పు పట్టదు, రాళ్లు తగిలినా రేకులా మోగదు. ఏది కొన్నా కడ్డీలు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. ఇక బరువు విషయానికి వస్తే, జత మొత్తం సుమారు అర కిలో. లంచ్ బాక్సు మోసుకుపోయే సైకిల్‌కు అదొక లెక్క కాదు.

అపోహ: మడ్‌గార్డు అన్నాక కొంత గడగడ తప్పదు.

వాస్తవం: చప్పుడు వస్తోందంటే బిగింపులో లోపం ఉంది, ఆ చోటే కొన్ని నెలలకు పగులుతుంది. మడ్‌గార్డు ఫ్రేముకు చేరే ప్రతి బిందువులోనూ తనంతట తానుగా ఆనాలి. అందక పోతే బలవంతంగా లాగి బోల్టు బిగించకుండా, మధ్యలో ఉన్న ఖాళీని స్పేసర్‌తోనో వాషర్లతోనో నింపాలి. బిగలాగి ఉన్న రేకుకైనా ప్లాస్టిక్‌కైనా రోడ్డు కుదుపులే పగులు తెస్తాయి. ఫ్రేముకూ మడ్‌గార్డుకూ నడుమ ఒక రబ్బరు వాషరు వేస్తే ఇంకా మంచిది.

పని వరుస ఇలా ఉండాలి: గాలి నింపిన టైరుతో చక్రాన్ని బిగించిన తరువాతే మడ్‌గార్డు మొదలుపెట్టి, మొదట ఫోర్కు మెడ దగ్గరి బోల్టునూ, ఆపైన కడ్డీలనూ వదులుగా వేసి, చక్రం తిప్పుతూ సందు చుట్టూ సమానంగా వచ్చేదాకా కడ్డీల పొడవు సరిచేసి, చివరగా అన్నింటినీ బిగించాలి. కడ్డీల మిగులు కొసలను కోసి టోపీలు తొడగకపోతే అవి పిక్కలను గీరుతాయి. చక్రాన్ని వెనక్కి లాగి తీయవలసిన సైకిళ్లలో పంక్చరు పడితే ముందు మిగిలిన గాలి తీసేయాలని కూడా గుర్తుంచుకోండి, లేకపోతే టైరు మడ్‌గార్డుకు తట్టుకుంటుంది.

ఈ బోల్టులు సాధారణంగా 5 మిల్లీమీటర్లవి. వాటికి 4 మిల్లీమీటర్ల అలెన్ కీ గాని 8 నంబరు పానా గాని పడుతుంది. బోల్టు వెనుక నట్టు వేసే చోట లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు వాడండి. మొదటి వారం తిరిగాక అన్నింటినీ ఒకసారి మళ్లీ బిగించాలి, ఆ తరువాత గాలి కొట్టించేటప్పుడల్లా ముందు చక్రం కడ్డీలను చేత్తో కదిపి చూస్తే చాలు.