టెలిస్కోప్ పెట్టె మీది అంకెలు, లోపలి ఐపీస్‌లు: అపోహలు - వాస్తవాలు

టెలిస్కోప్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అమ్మేవాళ్లకు ఈ ప్రశ్న బాగా తెలుసు. అందుకే జవాబు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. అసలు అడగాల్సినవి వేరే రెండున్నాయి: అద్దం లేదా కటకం వ్యాసం ఎంత, స్టాండ్ కదలకుండా నిలబడుతుందా.

అపోహ: ఎక్కువ రెట్లు చూపించేదే మంచి టెలిస్కోప్

"525 రెట్లు" అని రాసి ఉండే చిన్న టెలిస్కోప్‌లు ఆన్‌లైన్‌లో బోలెడు. ఆ అంకె పుట్టుక చూడండి. అద్దం వ్యాసం 76 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (కాంతి ఒకచోట చేరడానికి పట్టే దూరం) 700 మి.మీ. పెట్టెలో 4 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకాల గొట్టం) ఒకటి, రెట్లను మూడింతలు చేసే బార్లో కటకం ఒకటి ఉంటాయి. 700ని 4తో భాగిస్తే 175, దాన్ని 3తో గుణిస్తే 525. లెక్క సరిగ్గానే ఉంది, కానీ అంత పెంచితే గురుగ్రహం ఉన్నచోట వణికే మసక మచ్చ తప్ప ఏమీ కనబడదు.

రెట్లు ఐపీస్ వల్ల వస్తాయి, ఐపీస్ మారిస్తే మారిపోతాయి. టెలిస్కోప్ ఇచ్చేది వెలుగు, సూక్ష్మమైన వివరం. ఈ రెండూ వ్యాసం మీదే ఆధారపడతాయి. 200 మి.మీ. అద్దం 76 మి.మీ. అద్దం కన్నా దాదాపు 7 రెట్లు ఎక్కువ కాంతి పోగుచేస్తుంది. వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే పెంచడం ఉపయోగం. 76 మి.మీ.కి 150 రెట్లు. 200 మి.మీ.కి లెక్క ప్రకారం 400 రావాలి గానీ, మన నెత్తిమీది గాలి 200-250 రెట్లు దాటనిచ్చే రాత్రులు తక్కువ.

అంత అవసరం కూడా లేదు. గురుడు మనకు దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 45 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వెడల్పు ఉంటాడు. 100 రెట్లలో అది మామూలు కంటికి కనిపించే చంద్రుడి వ్యాసానికి రెండున్నర రెట్లు. శని వలయాలు 30 రెట్లకే విడిగా తెలుస్తాయి.

అపోహ: ఐపీస్‌లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది

డజను ఐపీస్‌ల కిట్ కొంటే అందులో సగం పెట్టెలోనే ఉండిపోతాయి. మూడు చాలు. ఆ మూడింటిని రెట్లు చూసి కాకుండా ఎగ్జిట్ ప్యూపిల్ చూసి ఎంచుకోవాలి. ఐపీస్ నుంచి కంట్లోకి వచ్చే కాంతి కట్ట వెడల్పే ఎగ్జిట్ ప్యూపిల్. ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌ను టెలిస్కోప్ ఎఫ్ సంఖ్యతో (టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను దాని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) భాగిస్తే అది వస్తుంది. 200 మి.మీ. వ్యాసం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోప్ అంటే ఎఫ్/6. అందులో 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, ఎగ్జిట్ ప్యూపిల్ 4 మి.మీ. పైచిలుకు.

4-5 మి.మీ. కట్టలో ఆండ్రోమెడా గెలాక్సీ, కృత్తికలు, పెద్ద నెబ్యులాలు బాగుంటాయి. వెతకడానికీ ఈ ఐపీసే. 2 మి.మీ. దగ్గర గోళాకార నక్షత్రగుచ్ఛాలు, చిన్న గెలాక్సీలు. 1 మి.మీ. దగ్గర చంద్రుడు, గ్రహాలు. అర మిల్లీమీటరుకు దిగితే మీ కంట్లో తేలే నలకలు కూడా గురుడి మీద ఈదుతూ కనిపిస్తాయి. పైన చెప్పిన 525 రెట్ల దగ్గర కట్ట వెడల్పు 0.15 మి.మీ. కూడా ఉండదు. పై వైపు హద్దు కంటిపాప. కుర్రవాళ్ల కంటిపాప చీకట్లో 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, వయసు పైబడితే 5 దగ్గరే ఆగిపోవచ్చు. మిగతా వెలుగు కంట్లోకి చేరదు.

కాబట్టి ఎఫ్/6కి 25 లేదా 30, 12, 6 మి.మీ. సరిపోతాయి. 130 మి.మీ. ఎఫ్/5కి 25, 10, 5. కొనేముందు ఐపీస్ గొట్టం 31.7 మి.మీ. (1.25 అంగుళాలు) ఉందో లేదో చూడండి. పాత 24.5 మి.మీ. సైజు ఫోకసర్ (ఐపీస్ పెట్టి, తిప్పి ఫోకస్ సరిచేసే భాగం) ఉన్న టెలిస్కోప్ తీసుకుంటే దానికి మంచి ఐపీస్‌లు దొరకడం కష్టం.

అపోహ: ఖరీదైన వెడల్పాటి ఐపీస్ లేకపోతే ఏమీ కనబడదు

ఎఫ్/8 టెలిస్కోప్‌లో మామూలు ప్లోజల్ ఐపీస్ దాదాపు అంచు దాకా పదునుగా చూపిస్తుంది. ఎఫ్/5లో అదే ఐపీస్ అంచున నక్షత్రాలను రెక్కలు చాచిన పిట్టల్లా సాగదీస్తుంది. ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ ఐపీస్ మీద ఎక్కువ ఖర్చు పెట్టక తప్పదు. చవకగా వచ్చిందని ఎఫ్/4 కొనేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

మోటారు లేని టెలిస్కోప్‌లో మాత్రం వెడల్పాటి ఐపీస్ నిజంగా పనికొస్తుంది. ఆకాశం 4 నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ టెలిస్కోప్‌లో 50 డిగ్రీల వెడల్పు దృశ్యం చూపే 10 మి.మీ. ఐపీస్ పెడితే గ్రహం ఒక అంచు నుంచి రెండో అంచుకు 100 సెకన్లలో వెళ్లిపోతుంది. 82 డిగ్రీలదైతే రెండున్నర నిమిషాలు దాటి ఉంటుంది. పిల్లలు వరసలో నిలబడి చూసేటప్పుడు ఆ అదనపు నిమిషం విలువ తెలుస్తుంది.

అపోహ: కళ్లద్దాలు ఉన్నవాళ్లు అద్దాలు తీసేసే చూడాలి

హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి అయితే తీసేయొచ్చు, ఫోకసర్ తిప్పితే సర్దుకుంటుంది. అస్టిగ్మాటిజం (సిలిండర్ పవర్) అలా సర్దుకోదు. అది తక్కువ రెట్లలో, కాంతి కట్ట వెడల్పుగా ఉన్నప్పుడే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కాబట్టి 25 మి.మీ. ఐపీస్‌తో అద్దాలు పెట్టుకుని, 6 మి.మీ.తో తీసేసి చూడండి. అద్దాలతో చూడాలంటే కంటికీ ఐపీస్‌కీ మధ్య 15 మి.మీ. పైన ఎడం కావాలి. ప్లోజల్‌లో ఆ ఎడం దాని ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 70 శాతమే. అంటే 6 మి.మీ. ప్లోజల్‌కు 4 మి.మీ. వస్తుంది, కనురెప్పలు కటకానికి తగులుతాయి. చిన్న ఫోకల్ లెంగ్త్ కావాలంటే ఈ ఎడం ఎక్కువగా ఇచ్చే రకం చూసుకోండి.

అపోహ: ఈక్వటోరియల్ మౌంట్ ఉంటేనే అసలైన టెలిస్కోప్

ఒక అక్షాన్ని ధ్రువనక్షత్రం వైపు పెట్టి, ఆకాశంతోపాటు తిప్పుకునే స్టాండే ఈక్వటోరియల్ మౌంట్. చవక టెలిస్కోప్ కింద ఇచ్చే సన్నకాళ్ల ఈక్వటోరియల్ మౌంట్ కన్నా గట్టి చెక్కపెట్టె నయం. ఫోకసర్ ముట్టుకున్నాక బొమ్మ 5 సెకన్లు ఊగుతూ ఉంటే, ఎంత మంచి అద్దమైనా వృథా. మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. హైదరాబాద్, విశాఖ 17 డిగ్రీల అక్షాంశం దగ్గరున్నాయి. ధ్రువనక్షత్రం అంత ఎత్తులోనే, పక్క అపార్ట్‌మెంట్ వెనకో దుమ్ము పొరలోనో ఉంటుంది. మౌంట్ అక్షాన్ని అంత కిందికి వంచితే కొన్నిట్లో బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఎక్కువసేపు ఎక్స్‌పోజర్‌తో ఫొటోలు తీసేవాళ్లకు ఈక్వటోరియల్ అవసరమే. కంటితో చూసేవాళ్లకు డాబ్సోనియన్ చాలు. 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పెట్టె మౌంట్‌లో గేర్లు లేవు, చేత్తో తోస్తే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. ఇబ్బందల్లా సరిగ్గా నడినెత్తిన ఉన్నవాటి వైపు తిప్పడమే. గురుడు మిథునంలో ఉన్నప్పుడు మనకు దాదాపు అక్కడి నుంచే వెళ్తాడు. అప్పుడు గంట ముందో వెనకో చూడండి.

మా సలహా: మోసుకెళ్లే ఓపిక, పెట్టుకునే చోటు ఉంటే 150 లేదా 200 మి.మీ. డాబ్సోనియన్. బాల్కనీ మాత్రమే ఉంటే 80-90 మి.మీ. రిఫ్రాక్టర్ (కటకం టెలిస్కోప్), లేదా బల్ల మీద పెట్టే 130 మి.మీ. బడ్జెట్ అందకపోతే 76 మి.మీ. బొమ్మ టెలిస్కోప్ బదులు 10×50 బైనాక్యులర్ కొనండి.

అపోహ: గొట్టం పొట్టిగా, ఫోకల్ లెంగ్త్ పొడుగ్గా ఉంటే రెండు లాభాలు

కాంతిని లోపలే వెనక్కి మడిచే కాసెగ్రెయిన్ రకాల్లో ఇది నిజమే. కానీ ఐపీస్ గొట్టం పక్కన ఉండే న్యూటోనియన్ అరమీటరు పొడవే ఉండి, లేబుల్ మీద 1000 మి.మీ. అని ఉంటే అనుమానించాలి. ఫోకసర్ అడుగున ఒక కటకం పెట్టి ఫోకల్ లెంగ్త్ సాగదీసిన రకం అది. లోపలి అద్దం పారాబోలా కాదు, గోళాకారం. చవకవాటిలో ఆ కటకం దోషాన్ని సరిగ్గా దిద్దదు, పైగా అద్దాల వరస సరిచేసే కొలిమేషన్‌కు అడ్డుపడుతుంది.

కొలిమేషన్ భయపడే పని కాదు, అయిదు నిమిషాల్లో అవుతుంది. అందుకు చవక లేజర్ పరికరం వాడేముందు దాన్ని ఫోకసర్‌లో గుండ్రంగా తిప్పి చూడండి. అద్దం మీద ఎర్రచుక్క ఒకే చోట నిలవకుండా సున్నా చుడుతుంటే వంకర లేజర్‌దే.

అపోహ: చంద్రుణ్ణి పౌర్ణమి నాడే చూడాలి

పౌర్ణమి నాడు సూర్యకాంతి ఎదురుగా పడుతుంది, నీడలుండవు, చంద్రుడు తెల్లగా చప్పగా ఉంటాడు. శుద్ధ షష్ఠి నుంచి దశమి దాకా వెలుగు చీకట్ల గీత దగ్గర చూడండి. గోతుల అంచులు, కొండల నీడలు అక్కడే. గెలాక్సీలు, నెబ్యులాలకు అమావాస్య అటూ ఇటూ వారం. వాటిలో ఫొటోల్లోని రంగులు వెతకొద్దు. మసక వెలుగులో మన కన్ను రంగు పట్టదు. మృగశిర కిందున్న ఒరాయన్ నెబ్యులా బూడిదరంగులో, మహా అయితే లేత ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తుంది.

అపోహ: డాబా మీదికి తెచ్చి పెడితే చాలు

పగలంతా ఎండలో కాగిన స్లాబ్ అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ గాలి కదలికకు గ్రహం నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. వీలైతే మట్టి మీదో గడ్డి మీదో పెట్టండి, లేదంటే రాత్రి పొద్దుపోయాక చూడండి. పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదుగా చూడొద్దు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే చల్లటి అద్దం మీద తేమ పడుతుంది, కోస్తాలో మరీ ఎక్కువ. మూత తియ్యకుండా గంటసేపు బయట ఉంచి తర్వాత వాడండి.

అపోహ: పెట్టెలో సన్ ఫిల్టర్ ఇచ్చారు కాబట్టి సూర్యుణ్ణి చూడొచ్చు

ఐపీస్ కింద మర బిగించే ఆ నల్ల గాజుముక్క టెలిస్కోప్ పోగుచేసిన వేడి అంతా పడే చోట ఉంటుంది. ఉన్నట్టుండి పగులుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు, చూపు పోయాకే తెలుస్తుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా పగలగొట్టి పారేయండి. సూర్యుడికి టెలిస్కోప్ ముందు మూతిని మొత్తం కప్పే, కాంతిలో లక్షో వంతే లోపలికి వదిలే సోలార్ ఫిల్మ్ ఒక్కటే వాడాలి. ప్రతిసారీ వాడేముందు దీపానికి ఎదురుగా పట్టి చిల్లులు లేవని చూసుకోండి, గాలికి ఊడకుండా టేపు వేయండి, ఫైండర్‌కు (గురి చూసుకునే చిన్న టెలిస్కోప్‌కు) మూత పెట్టండి.

అపోహ: అద్దం మీద దుమ్ము కనబడగానే తుడవాలి

ఆ దుమ్ము వల్ల పోయే వెలుగు లెక్కలోకి రాదు, పొడిగుడ్డతో గీసిన గీత మాత్రం శాశ్వతం. ఐపీస్‌కు ముందు బ్లోయర్, ఆ తర్వాత అవసరమైతే లెన్స్ ద్రవం. మనకు అసలు శత్రువు వానాకాలపు బూజు. తడిసిన ఐపీస్‌కు వెంటనే మూత పెట్టకుండా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడొచ్చు.