ఓట్ల లెక్కింపు రోజు ఇంట్లో గొడవలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: జనమంతా మనవైపే ఉన్నారు, ఓడామంటే మోసమే.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లొచ్చాయి, 175 సీట్లలో దక్కినవి 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ దాదాపు 39 శాతమే, సీట్లు 11. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలుపే కాబట్టి సీట్లు అలా పడిపోతాయి. అంటే రెండుసార్లూ పదిమందిలో దాదాపు నలుగురు ఓడిన పార్టీకే వేశారు. మీ చుట్టూ ఉన్నవాళ్ళు మీ పార్టీయే గెలుస్తుందని నిజంగానే అని ఉంటారు. మీ బావగారి చుట్టూ ఉన్నవాళ్ళూ అలాగే అన్నారు.

అపోహ: పొద్దున మనకి మెజారిటీ, మధ్యాహ్నానికి తగ్గింది. మధ్యలో ఏదో చేశారు.

వాస్తవం: ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు మొదలవుతాయి, అరగంటకి ఈవీఎంలు. మామూలుగా హాల్లో 14 టేబుళ్ళుంటాయి, రౌండుకి 14 బూత్‌లు, అదీ వరస నంబర్ల ప్రకారం. ఒక మండలం అయ్యాక ఇంకో మండలం తెరిస్తే లెక్క తిరగబడటం మామూలే. మూడో రౌండుకే ఫ్యామిలీ గ్రూపులో సవాళ్ళు విసిరితే సాయంత్రానికి అవే స్క్రీన్‌షాట్లై తిరిగొస్తాయి. ఆఖరి రౌండు దాకా గ్రూపులో ఏమీ పెట్టకండి. అనుమానం నిజంగా ఉంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు, ఓటరైనా సరే. అన్నం తింటున్న మామగారిని నిలదీస్తే తేలేదేమీ లేదు.

అపోహ: "డబ్బుకి అమ్ముడుపోయారు" అంటే పార్టీని అన్నట్టే.

వాస్తవం: కాదు. పింఛను చూసి ఓటేసిన అత్తగారు అక్కడే కూర్చుని ఉంటారు. ఆ మాట తననే అన్నారనుకుంటారు. పార్టీల గొడవ రెండు రోజుల్లో చల్లారుతుంది, ఈ మాట మాత్రం పండక్కి పిలుపులు ఆగేదాకా పోతుంది. నోరు జారితే ఆ రాత్రికే వెళ్ళి, "అత్తయ్యగారూ, ఆ మాట తప్పు, అనకూడదు" అని అంతటితో ఆపండి. "కానీ..." అని మొదలుపెడితే క్షమాపణ పోయి వాదన మిగులుతుంది.

అపోహ: గెలిచాక స్వీటు తినిపిస్తే ఓడినవాళ్ళు సర్దుకుంటారు.

వాస్తవం: నోట్లో కుక్కితే వెక్కిరింపే. ప్లేటు అక్కడ పెట్టి ఊరుకోండి. ఓడినవారు "మీవాళ్ళు గెలిచారు బావా, సంతోషం" అంటే చాలు, నవ్వు నటించక్కర్లేదు.

అపోహ: ఎవరికి వేశావో భార్య భర్తకి చెప్పి తీరాలి.

వాస్తవం: 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం కోర్టులో సాక్షిని కూడా ఆ ప్రశ్నకి జవాబు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఇంట్లోనూ అడగకండి.