ఈనోకి తగ్గిందంటే అది గ్యాసేనా? గుండెల్లో మంటపై అపోహలు - వాస్తవాలు

కూకట్‌పల్లిలో హాస్టళ్ల మధ్య ఉంటుంది మా మెడికల్ షాపు. రాత్రి తొమ్మిది దాటితే ఈనో, జెలూసిల్, ప్యాన్-డి అడిగేవాళ్లే ఎక్కువ. లేటుగా తిన్న బిర్యానీ, ఖాళీ కడుపుతో తాగిన ఇరానీ చాయ్, బండి మీద మిర్చి బజ్జీ... కారణం వాళ్లే చెప్పేస్తారు. చాలామంది విషయంలో అది నిజమే. కానీ ఫార్మసిస్టుగా నేను రోజూ వినే మాట ఒకటుంది. అది వింటే కోపమూ వస్తుంది, భయమూ వేస్తుంది.

అపోహ: ఈనో తాగితే తగ్గింది కాబట్టి అది గ్యాస్ నొప్పే.

వాస్తవం: తగ్గినంత మాత్రాన గ్యాస్ అని తేలిపోదు. అన్నవాహిక నుంచీ గుండె నుంచీ నొప్పిని మోసే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరతాయి. అందుకే ఆ నొప్పి ఎక్కడిదో పరీక్ష చేయకుండా ఒక్కోసారి డాక్టరుకీ తెలియదు. పైగా గుండెనొప్పి కూడా వచ్చి, కాసేపటికి తగ్గిపోవచ్చు. మీరు మెట్లెక్కారు, ఛాతీ పట్టేసింది. కూర్చుని ఈనో కలుపుకుని తాగారు, తేన్పు వచ్చింది, అయిదు నిమిషాల్లో తేలికైంది. అక్కడ పనిచేసింది ఈనో కాకపోవచ్చు, మీరు కూర్చోవడం కావచ్చు! గుండె కింది భాగానికి రక్తం అందకపోతే పైకడుపులో నొప్పి, వికారం, వాంతులు కూడా వస్తాయి. అచ్చం అజీర్తిలాగే ఉంటుంది.

మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన చలికాలంలో ఒక రాత్రి వచ్చి ఈనో ఇమ్మన్నారు. అక్కడే తాగుతానని ప్యాకెట్ చింపబోతే చేతిలోంచి జారిపోతోంది. చూస్తే అరచెయ్యంతా తడి. నుదుటి మీద కూడా చెమట.

“ఎప్పట్నుంచి కాకా?” అన్నాను.

“మూడు దినాల సంది గిట్లనే ఉంది బిడ్డా. పాలకు పోతుంటే పట్టేస్తది, ఆగితే పోతది. గ్యాసే, నువ్వేం టెన్షన్ పడకు.”

ఆయనకు షుగర్ ఉందని నాకు తెలుసు, మందులు మా దగ్గరే కొంటారు. కుర్చీలో కూర్చోబెట్టి, కొడుక్కి ఫోన్ చేసి, ఈసీజీకి పంపించాను. గుండె రక్తనాళం మూసుకుపోయిందని తేలింది, ఆ రాత్రే స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగున్నారు. మూడు రోజులూ ఆయన్ని ఆపింది ఆ ఒక్క నమ్మకమే.

మామూలు మంట అయితే తిన్నాక వస్తుంది, వంగినా పడుకున్నా పెరుగుతుంది, గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తాయి. నడిస్తే పెరిగి ఆగితే తగ్గేది, ఛాతీ మీద బరువు పెట్టినట్టుండేది, దవడకో భుజానికో ఎడమ చేతికో పాకేది, చెమటలూ ఆయాసంతో వచ్చేది గుండెదేమో అనుకోవాలి. 108కి ఫోన్ చేయండి, సొంతంగా బండి నడుపుకుంటూ మాత్రం వెళ్లకండి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో అసలు నొప్పే లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. మొదటి ఈసీజీ బాగుందని మధ్యలో లేచి రాకండి. అవసరమైతే మళ్లీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు.

దీనికి పూర్తిగా ఎదురు, కొందరు హాస్టల్ పిల్లలు. కొంచెం మండితే చాలు, “అన్నా, హార్ట్ ఎటాకా?” అంటూ వణికిపోతూ వస్తారు. వాళ్లను చూస్తే జాలేస్తుంది. పరీక్ష చేయించుకోమని వాళ్లకీ చెప్తాను. చివరికి గ్యాసే అని తేలితే సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇక మిగతా అపోహలు. ‘యాసిడ్ ఎక్కువ ఊరడం వల్లే మంట’ అంటారు. చాలామందిలో యాసిడ్ మామూలుగానే ఊరుతుంది. అన్నవాహికకీ కడుపుకీ మధ్య ఉండే కవాటం వదులై అది పైకి తంతుంది. పొట్ట పెరగడం, గర్భం, సిగరెట్లు, కడుపునిండా తిని వెంటనే పడుకోవడం దీన్ని పెంచుతాయి. అందుకే భోజనానికీ నిద్రకీ మధ్య మూడు గంటలు వదలండి, ఎడమవైపు తిరిగి పడుకోండి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేయండి. దిండ్లు పేర్చుకుంటే మెడ వంగి, పొట్ట నొక్కుకుపోతుంది. చల్లటి పాలు కాసేపు హాయిగా ఉంటాయి, తర్వాత మళ్లీ యాసిడ్ ఊరుతుంది. సోడా తాగితే కడుపు ఇంకా ఉబ్బుతుంది. కారం అందరికీ పడకపోదు, మీకు ఏది పడట్లేదో మీరే గమనించుకోవాలి.

యాసిడ్ ఊరడాన్ని తగ్గించే ప్యాంటోప్రజోల్ లాంటి మాత్రలు మండుతున్నప్పుడు వేసుకుంటే వెంటనే పనిచేయవు. వాటిని తిండికి అరగంట ముందు వేసుకోవాలి. అప్పటికప్పుడు కావాలంటే జెలూసిల్ లాంటి జెల్ ఉంది. అలాగని డాక్టరుకి చూపించుకోకుండా నెలల తరబడి వాడేయకండి, బీ12 తగ్గవచ్చు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే మంట కొన్నాళ్లు ఎగదన్నుతుంది. దాన్ని చూసి ‘జీవితాంతం వాడాల్సిందే’ అనుకుంటారు, పాపం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవచ్చు. ఈనోలో సోడియం ఎక్కువ, బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రోజూ తాగకూడదు. థైరాయిడ్ మాత్రకీ జెల్‌కీ మధ్య నాలుగు గంటలు ఉండాలి.

కొన్నిసార్లు మంట తెచ్చేది మీరు వేసుకునే మాత్రే. నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్... ఇవన్నీ మంట పుట్టిస్తాయి. గ్యాస్ మందు కోసం వచ్చినప్పుడు మీరు వాడే స్ట్రిప్పులన్నీ తెచ్చి చూపించండి. కానీ ముద్ద దిగకపోయినా, బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా వస్తున్నా, వాంతిలో రక్తం పడినా షాపుకి రాకండి. రక్తం పడితే, విరేచనం తారులా నల్లగా వస్తే నేరుగా ఎమర్జెన్సీకి, మిగతావాటికి ఆలస్యం చేయకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు (జీర్ణకోశ వైద్యుడు) దగ్గరికి వెళ్లండి.