చలాను ఒకరిది, జేబు ఇంకొకరిది: దిగుమతి సుంకాలపై అపోహలు - వాస్తవాలు

నేను కస్టమ్స్ బ్రోకర్‌ని. జనం నోట్లో క్లియరింగ్ ఏజెంట్. ఆఫీసు నెల్లూరులో, పని సగం కృష్ణపట్నం పోర్టులో, సగం చెన్నైలో. ఓడ రాగానే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) వేయడం, సుంకం లెక్కగట్టి కట్టించడం, సరుకు బయటికి తేవడం. ఇరవై ఏళ్లుగా ఇదే. మొన్నమొన్నటి దాకా నేనేం పని చేస్తానో మా బంధువులకే సరిగ్గా తెలియదు. 2025లో ట్రంప్ పుణ్యమా అని టీకొట్టు దగ్గర కూడా అందరూ నన్నే అడుగుతున్నారు. అడగడం మంచిదే. కానీ వచ్చేవాళ్లు ప్రశ్నతో కాదు, జవాబుతో వస్తున్నారు, అదీ తప్పు జవాబుతో. తరచూ వినేవి కొన్ని రాస్తున్నా.

అపోహ: అమెరికా సుంకం వేస్తే ఆ డబ్బు మనమే కట్టాలి. (ఇంకో వర్గం: మనకేం పోయింది, అమెరికా వాడే కట్టుకుంటాడు.)

వాస్తవం: రెండూ సగం సగం నిజాలే. చట్టం ప్రకారం అమెరికా పోర్టులో ఎవరి పేరు మీద సరుకు దిగుతుందో ఆ దిగుమతిదారే అక్కడి కస్టమ్స్‌కి సుంకం కట్టాలి. మన ప్రభుత్వానికి దాంతో సంబంధం లేదు. అయితే రొయ్యల వ్యాపారంలో ఒక మెలిక ఉంది. మనవాళ్లు చాలామంది సుంకంతో సహా అన్ని ఖర్చులూ తామే భరించి, సరుకు కొన్నవాడికి అక్కడే అప్పగించే పద్ధతిలో అమ్ముతారు. అలాంటప్పుడు అక్కడ దిగుమతిదారుగా ఉండేది కూడా ఎగుమతిదారు తరఫు సంస్థే. చలాను అమెరికాలో కడతారు, డబ్బు ఇక్కడి నుంచి పోతుంది.

అలా కాకుండా కొనేవాడే చలాను కట్టినా, బరువు ఎవరి మీద పడుతుందనేది బేరంలో తేలుతుంది. ఆ బేరానికి నేను వాడే కొలబద్ద ఒకటుంది. సుంకం అన్ని దేశాల మీదా ఒకేలా ఉంటే ఎక్కువ భాగం తినేవాడి మీద పడుతుంది. మన ఒక్కరి మీదే ఎక్కువ ఉంటే ఆ ఎక్కువ మన మీదే పడుతుంది.

2025 ఆగస్టు లెక్క చూడండి. ఆ నెల 7 నుంచి మన సరుకు మీద 25 శాతం, 27 నుంచి రష్యా చమురు పేరుతో ఇంకో 25. రొయ్యకి దీని మీద, మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసిన యాంటీ డంపింగ్ సుంకం 2.49, సబ్సిడీల పేరుతో వేసిన కౌంటర్‌వెయిలింగ్ సుంకం 5.77 కూడా ఉండేవి. అన్నీ కలిపితే 58 శాతం దాటింది. అదే సమయంలో ఈక్వడార్‌కి 15, ఇండోనేషియాకి 19, వియత్నాంకి 20. ఈక్వడార్‌ది కూడా మనం పెంచే వెనామీ రకం రొయ్యే. ప్లేట్లోకి వచ్చాక ఏది ఏ దేశపు రొయ్యో తినేవాడికి తెలియదు. అందరి మీదా ఉన్న ఆ పదిహేను మేరకు అమెరికాలో ధర పెంచి అమ్ముకోవచ్చు. మిగతా ముప్ఫై అయిదు మాటేంటి? కొనేవాడు 'ఈక్వడార్‌లో తీసుకుంటాలే' అంటాడు, అంతే.

అప్పుడు ఆ ముప్ఫై అయిదు కిందికి దిగడం మొదలవుతుంది. ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటు మీదకి తోస్తాడు, ప్లాంటువాళ్లు కొనుగోలు ఏజెంటు మీదకి, ఏజెంటు గుంట (రొయ్యల చెరువు) ఉన్న రైతు మీదకి. ఇస్కపల్లి వైపు ఒక పట్టుబడికి (గుంటలో రొయ్యలు పట్టేటప్పుడు) వెళ్లాను, తెల్లారుజామున. రాత్రి ఫోన్లో చెప్పిన ధర ఒకటి, గట్టు మీద తూకం దగ్గర చెప్పింది ఇంకొకటి. రైతు వాదించాడు, ఏజెంటు ఫోన్ చెవిలో పెట్టుకుని పక్కకి వెళ్లాడు, వచ్చి తల అడ్డంగా ఊపాడు. వల అప్పటికే దిగింది. వరి అయితే బస్తాల్లో పోసి గోదాములో పెడతారు, రొయ్యని ఏం చేస్తారు? ఇంకో వారం ఆపితే మేత ఖర్చు, ఏరియేటర్ల కరెంటు, మధ్యలో వైట్‌స్పాట్ రోగం వస్తే గుంట మొత్తం పోతుంది. 'మోటార్లు కట్టేసి కూచోలేం గదన్నా' అన్నాడు రైతు. గొలుసులో చివరివాడు ఆయనే. బరువు తోసేయడానికి ఆయన కింద ఇంకెవరూ లేరు.

ఆ గొలుసు కూడా అందరికీ ఒకేలా తగలదు. అమెరికా ఎక్కువగా కొనేది పెద్ద సైజు, తల తీసి వొలిచిన సరుకు. చైనాకి తలతో సహా చిన్న సైజు పోతుంది. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. కాబట్టి ముప్ఫై, నలభై కౌంటుకి పెంచినవాడికి తగిలినంత దెబ్బ వంద కౌంటుకే పట్టేసినవాడికి తగల్లేదు.

అపోహ: సుంకం పది శాతం తగ్గిస్తే వంట నూనె ధర పది శాతం తగ్గాలి. తగ్గలేదంటే వ్యాపారి దోచుకుంటున్నట్టే.

వాస్తవం: స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ పెద్దాయన నన్ను కూచోబెట్టి మరీ అడిగాడు: 'ఏందబ్బయ్యా, పేపర్లో పది తగ్గించామంటారు, జనం వచ్చి నన్ను తిడతారు, నాకేమో మూడు నాలుగు కూడా తగ్గలా?' ఆయన బిల్లు పుస్తకం వెనకే లెక్క వేసి చూపించాను.

2025 మే చివర్లో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద బేసిక్ డ్యూటీ 20 నుంచి 10కి తగ్గింది. దాని పక్కన అగ్రి సెస్ 5 శాతం అలాగే ఉంది. ఈ రెండూ కలిపిన మొత్తం మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి. పాత లెక్క 20, 5, దాని మీద 2.5, మొత్తం 27.5. కొత్త లెక్క 10, 5, దాని మీద 1.5, మొత్తం 16.5. అంటే వంద రూపాయల సరుకు పోర్టు దాటేసరికి అంతకుముందు 127.50 అయ్యేది, తగ్గించాక 116.50. తగ్గింది పదకొండు రూపాయలు, నూట ఇరవై ఏడున్నరలో. అంటే ఎనిమిదిన్నర శాతం చిల్లర. ఆ తర్వాత రిఫైనింగ్, ప్యాకెట్, లారీ, డీలరు, కొట్టు. ఇవేవీ తగ్గవు. ప్యాకెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ శాతం ఇంకా పల్చబడుతుంది. పైగా మలేషియాలో ధర కదిలినా, డాలరు కదిలినా ఆ కాస్తా మాయం.

వ్యాపారిని పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. సుంకం పెరిగిన మర్నాడే పాత స్టాకుకి కొత్త ధర అంటించేవాళ్లు, తగ్గినప్పుడు మాత్రం 'పాత స్టాకు ఉంది సార్' అంటారు. పెద్దాయనకి ఈ మాట కూడా చెప్పాను. నవ్వి టీ తెప్పించాడు.

ఇంకో సంగతి. 'మేం పామాయిల్ వాడం, వేరుశనగ నూనే' అనేవాళ్లకీ ఈ సుంకం తగులుతుంది. పామాయిల్ పెరిగితే హోటళ్లు, మిఠాయి కొట్లు ఉన్నదాంట్లో చవక నూనె కోసం వెతుకుతాయి, మిగతా నూనెలూ ఎక్కుతాయి. గానుగ దగ్గర మన పల్లీకి ఏ సుంకమూ లేదు, ధరకి మాత్రం ఆ గాలి సోకుతుంది.

అపోహ: సరుకు ఓడ ఎక్కిన రోజు ఏ సుంకం రేటు ఉంటే అదే రేటు.

వాస్తవం: ఇది వ్యాపారంలో ఉన్నవాళ్లే నమ్మి మునిగిన అపోహ. నేరుగా వాడకానికి తీసుకునే సరుకుకైతే బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన తేదీ, ఓడకి ఎంట్రీ ఇచ్చిన తేదీ, ఈ రెండిట్లో ఏది తర్వాతైతే ఆ రోజు రేటు. బాండెడ్ ట్యాంకులో (సుంకం అప్పుడే కట్టకుండా సరుకు ఉంచుకునే చోటు, మేం బాండు అంటాం) పెట్టిన సరుకుకైతే బయటికి తీయడానికి బిల్లు వేసిన రోజు రేటు.

2024 సెప్టెంబర్ 14న ముడి నూనెల మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5కి ఎగిరింది. ఏ రోజు, ఎంత పెరుగుతుందో ముందు రోజు సాయంత్రం దాకా మాకెవరికీ తెలియదు. నాకు తెలిసిన ఒక దిగుమతిదారు, పేరు వద్దు, కొంత సరుకు బాండులో ఉంచి 'వచ్చే వారం తీద్దాంలే' అనుకున్నాడు. టన్ను విలువ 80 వేలు అనుకుంటే 22 శాతం తేడా అంటే టన్నుకి 17,600. అయిదొందల టన్నులకి 88 లక్షలు. ఒక్క రాత్రిలో. ఆ రాత్రి ఆయన నాకు చేసిన ఫోన్లు లెక్కపెట్టలేదు. నేను చెప్పగలిగింది ఒక్కటే, చట్టంలో 'పాపం' అనే సెక్షన్ లేదు.

అపోహ: సుంకాలు బాగా పెంచితే ప్రభుత్వ అప్పు తీరిపోతుంది. అమెరికా అదే చేస్తోంది.

వాస్తవం: అంకెలు చూస్తే చాలు. మన 2025-26 కేంద్ర బడ్జెట్లో కస్టమ్స్ రాబడి అంచనా 2.40 లక్షల కోట్లు. పాత అప్పులకి ఆ ఏడాది కట్టాల్సిన వడ్డీ 12.76 లక్షల కోట్లు. అంటే దేశంలోని అన్ని పోర్టులు, ఎయిర్‌పోర్టుల్లో మాలాంటివాళ్లం కట్టించే సుంకం మొత్తం కలిపినా వడ్డీలో అయిదో వంతుకి కూడా చాలదు. అప్పు అసలు తీర్చే సంగతి తర్వాత. ఆ బడ్జెట్ లెక్కలో ప్రభుత్వానికి వచ్చే ప్రతి రూపాయిలో కస్టమ్స్ 4 పైసలు, కొత్త అప్పులు 24 పైసలు.

అమెరికాలో 2025 సెప్టెంబర్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సుంకాల రాబడి నిజంగానే భారీగా పెరిగింది, సుమారు 19,500 కోట్ల డాలర్లు. అంతకుముందు ఏడాది 7,700 కోట్లే. కానీ అదే ఏడాది వాళ్ల లోటు సుమారు 1.78 లక్షల కోట్ల డాలర్లు. ఆ అక్టోబర్‌లో మొత్తం అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. సుంకం లోటుని కొంత తగ్గించింది, అది ఒప్పుకోవాలి. అప్పు తీర్చడం వేరే మాట.

పైగా సుంకంలోనే ఒక తిరకాసు ఉంది. దిగుమతి ఆగిపోవాలని సుంకం వేస్తే, అది ఆగిపోయిన రోజు రాబడి కూడా ఆగిపోతుంది. టోల్‌గేటు దగ్గర రోడ్డు మూసేసి టోలు వసూలు కావాలంటే ఎలా?

మన రాష్ట్రానికి సంబంధించింది కూడా ఒకటుంది, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. పైన చెప్పిన 16.5లో రాష్ట్రాలకి పంచే ఖాతాలోకి వెళ్లేది బేసిక్ డ్యూటీ 10 మాత్రమే. సెస్సు, సర్‌చార్జి కలిపి 6.5 పూర్తిగా కేంద్రానిదే. కృష్ణపట్నంలో వసూలైనా సరే.

అపోహ: సుంకం ఎంత ఎక్కువైతే ఇక్కడి పరిశ్రమకి అంత రక్షణ.

వాస్తవం: ఎక్కువ తక్కువ కాదు, తేడా ముఖ్యం. కృష్ణపట్నం చుట్టుపక్కల రిఫైనరీలు బతికేది ముడి నూనె తెచ్చి శుద్ధి చేసి. 2024 సెప్టెంబర్లో ముడి నూనెకి 27.5, రిఫైన్డ్‌కి 35.75 వేశారు. తేడా ఎనిమిది చిల్లర. దాంతో శుద్ధి చేసిన నూనె నేరుగా తెచ్చుకుని ప్యాకెట్లో పోయడమే లాభం అని లెక్కలు వేసినవాళ్లు ఉన్నారు. సుంకం పెరిగింది, ఇక్కడి రిఫైనరీకి పని తగ్గింది. 2025లో ముడి నూనెకి మాత్రమే తగ్గించాక తేడా 19.25కి పెరిగింది. అంటే రిఫైనరీకి మేలు చేసింది సుంకం తగ్గింపు. అదే తగ్గింపు పామాయిల్ తోట ఉన్న రైతుకి రుచించదు, గెలల ధర ముడి నూనె ధరని బట్టే ఉంటుంది కాబట్టి. ఇద్దరూ మనవాళ్లే.

రొయ్యల సంగతీ ఇంతే. మనం ఎగుమతి చేసే వెనామీకి తల్లి రొయ్యలు బయటి నుంచి రావాలి. అవి దిగేది చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో. 2024 జులై బడ్జెట్లో వాటి మీద, రొయ్యల మేత మీద సుంకం 5 శాతానికి తగ్గించారు. దిగుమతి సుంకం ఎగుమతిదారుకి సంబంధం లేని విషయం అనుకుంటే పొరపాటు.

అపోహ: బంగారం మీద సుంకం తగ్గితే బంగారం తగ్గుతుంది.

వాస్తవం: తగ్గింది, 2024 జులైలో. 15 నుంచి 6కి దించిన రోజున షాపుల్లో ధర వేలల్లో పడింది. తర్వాత అంతర్జాతీయ ధర పెరిగి ఆ తగ్గుదలని మింగేసింది. మా ఆవిడ మాత్రం 'అప్పుడే కొనమన్నా కదా' అని ఇప్పటికీ అంటుంది. దీనికి నా దగ్గర వాస్తవం లేదు.

ఇది రాస్తుండగానే విడవలూరు నుంచి తెలిసిన రైతు ఫోన్. 'అన్నా, గుంటలో రొయ్య పిల్ల వదలమంటావా, ఆగమంటావా?' రేటు ఏమవుతుందో నేను చెప్పలేను, అవతలివాళ్లే చెప్పలేకపోతున్నారు. ఏ కౌంటుకి పడతావని అడిగాను. నలభై అన్నాడు. 'అయితే అమెరికా కబురు వింటుండు. వందకే పట్టేస్తే చైనా కబురు' అన్నాను. 'రెండూ వింటాలే గానీ, ముందు కరెంటు బిల్లు కట్టాలన్నా' అని పెట్టేశాడు.