కుర్చీ ఉంది, ‘ఆన్’ ఏది?

అపోహ: ఇంగ్లిష్ వాక్యం ప్రిపోజిషన్‌తో (‘ఆన్’, ‘ఇన్’, ‘విత్’ లాంటి మాటతో) ముగియకూడదు. కాబట్టి ‘ఎ చైర్ టు సిట్’ అంటే చాలు, చివర ‘ఆన్’ పెడితే తప్పు.

ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, నాటక రచయిత బెన్ జాన్సన్ వాక్యాలు ప్రిపోజిషన్‌తో ముగుస్తున్నాయని వంక పెట్టాడు. ఆయన అభిరుచిని తర్వాతి పంతుళ్ళు రూల్ చేసేశారు. ఇంగ్లిష్ వాళ్ళు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అలాగే ముగిస్తున్నారు.

వాస్తవం: నౌన్ తర్వాత, అది దేనికో చెప్పే ఇన్ఫినిటివ్ (‘టు సిట్’ లాంటిది) వస్తే ఒకసారి తిప్పి చదవండి. ‘సిట్ ఎ చైర్’ అంటామా? ‘సిట్ ఆన్ ఎ చైర్’ అంటాం. అందుకే ‘ఎ చైర్ టు సిట్ ఆన్’. అలాగే ‘ఎ పెన్ టు రైట్ విత్’, ‘పేపర్ టు రైట్ ఆన్’, ‘ఎ టాపిక్ టు రైట్ అబౌట్’. ‘ఎ లెటర్ టు రైట్’కి మాత్రం ఏమీ అక్కర్లేదు, ఉత్తరాన్ని నేరుగా రాస్తాం కదా. మనం ‘కూర్చోవడానికి కుర్చీ’ అంటాం, ‘మీద’ అననక్కర్లేదు. అందుకే ‘ఆన్’ లేకపోయినా చెవికి తేడా తెలీదు.

మొన్న ఓ అమ్మాయి సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) మాక్ టెస్ట్‌లో తప్పు పట్టే ప్రశ్న రాసి రాత్రి ఫోన్ చేసింది. ‘దేర్ వాజ్ నోబడీ టు టాక్’లో చివర ఇంకో ‘టు’ కావాలని పట్టేసిందట. కానీ అలా ముగించకూడదని ఎక్కడో చదివింది గుర్తొచ్చి, ‘నో ఎర్రర్’ పెట్టింది. రెండు మార్కులు పోయాయి, పైగా అర మార్కు కోత. “నాకు ఇంగ్లిష్ రాదేమో సార్” అంటోంది, గొంతు వణుకుతోంది. వచ్చమ్మా, బాగానే వచ్చు! చెడగొట్టింది వాట్సాప్‌లో తిరిగే ‘గోల్డెన్ రూల్స్’ పీడీఎఫ్. ముందు దాన్ని డిలీట్ చేయమన్నాను.

మిగతావి గబగబా. ‘మనీ ఫర్ టు బై బుక్స్’ అనకండి, ‘టు’ ఒక్కటే చాలు. ‘టు’ తర్వాత ‘వెంట్’, ‘సా’ లాంటి పాస్ట్ టెన్స్ రూపాలు రావు. ‘ఎ నైఫ్ ఫర్ కటింగ్ బ్రెడ్’ తప్పు కాదు, అది ఏ పనికి వాడే కత్తో చెబుతుంది.

ఇంత చెప్పాక ‘మనీ టు బై బుక్స్ విత్’ అనాలా అని అడుగుతారు. అక్కర్లేదు. మనీ, టైమ్, ప్లేస్‌లతో ప్రిపోజిషన్ వదిలేయడం మామూలే. ‘ఎ ప్లేస్ టు లివ్’ సరిపోతుంది. హౌస్ అయితే మాత్రం ‘టు లివ్ ఇన్’ అనే రాయండి.