ఫోన్ బ్యాటరీ: అపోహలు, వాస్తవాలు

ఫోన్ బ్యాటరీని ముందుగా ముసలిదాన్ని చేసేవి ముఖ్యంగా రెండు: వేడి, గంటల తరబడి నూరు శాతం దగ్గరే ఉండిపోవడం. ఈ రెండూ గుర్తుంటే కింద చెప్పే అపోహల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

అపోహ: సున్నా దాకా వాడేసి, తర్వాత నూరు దాకా ఎక్కించాలి.

ఇది నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి సలహా. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన, ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం అయాన్ రకానికి పనికిరాదు. పూర్తిగా ఖాళీ చేయడమే దానికి ఎక్కువ శ్రమ. 30కి దిగినప్పుడు పెట్టి, 80 దగ్గర తీసేయండి. ప్లగ్ ఎన్నిసార్లు పెట్టామన్నది లెక్కలోకి రాదు. ఇవాళ సగం, రేపు సగం ఎక్కిస్తే రెండూ కలిపి ఒక్క సైకిలే, అంటే ఒక్క పూర్తి ఛార్జే.

15 శాతం చూపిస్తూనే ఫోన్ ఆగిపోతుంటే మాత్రం ఒక్కసారి పూర్తిగా దించి, పూర్తిగా నింపండి. దానివల్ల సరయ్యేది శాతం చూపించే మీటరు లెక్క మాత్రమే, బ్యాటరీ కాదు. తర్వాత కూడా అలాగే ఆగిపోతుంటే బ్యాటరీ మార్చాల్సిందే.

అపోహ: రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచితే ఓవర్‌ఛార్జ్ అయి పేలుతుంది.

బ్యాటరీ లోపలి సెల్ నిండగానే ఫోన్‌లోని ఛార్జింగ్ చిప్ కరెంటు ఆపేస్తుంది. కాబట్టి ఓవర్‌ఛార్జ్ భయం అక్కర్లేదు. కానీ ఈ మాటలో కొంత నిజం ఉంది. నిండిన సెల్‌లో వోల్టేజీ గరిష్ఠంగా ఉంటుంది. ఆ స్థితిలో లోపలి ఎలక్ట్రోలైట్ అనే ద్రవం నెమ్మదిగా చెడిపోతుంది, సామర్థ్యం తరుగుతుంది. వేడి తోడైతే ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది. దిండు కింద ఫోన్ పెట్టి ఛార్జ్ చేయొద్దనేది అందుకే. సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగంలోకి వెళ్లి 80 శాతం పరిమితి గానీ, ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్ (నూరు దాకా నింపడాన్ని ఆలస్యం చేసేది) గానీ ఉంటే ఆన్ చేయండి. ఫోన్ గట్టి బల్ల మీద ఉండాలి. చేతికి వెచ్చగా తగిలితే కవర్ తీసేయండి. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే ల్యాప్‌టాప్‌కి ఈ పరిమితి మరీ అవసరం.

అపోహ: ఫాస్ట్ ఛార్జింగ్ బ్యాటరీని తినేస్తుంది.

ఖాళీగా ఉన్నప్పుడే సెల్ ఎక్కువ కరెంటు తీసుకోగలదు. అందుకే మొదటి సగం చకచకా ఎక్కుతుంది, 80 దాటాక ఫోనే వేగం తగ్గించుకుంటుంది. చెరుపు చేసేది ఆ సమయంలో పుట్టే వేడి. ఛార్జింగ్‌లో పెట్టి గేమ్ ఆడితే రెండు వేడులూ కలుస్తాయి. వైర్‌లెస్ ప్యాడ్ మీద కొంత శక్తి వేడిగానే పోతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే ఫోన్ కాలిపోతుందన్నదీ తప్పే. టైప్-సీలో ఎంత కావాలో ఫోన్ అడుగుతుంది, ఛార్జర్ అంతే ఇస్తుంది. జాగ్రత్త పడాల్సింది పేరూ ఊరూ లేని నాసిరకం ఛార్జర్లతో.

అపోహ: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంతా ఇవ్వడం లేదంటే మోసమే.

ఎంఏహెచ్ అంటే ఎంత ఛార్జ్ నిల్వ ఉంటుందో చెప్పే కొలత. ఆ అంకె లోపలి సెల్‌ది, 3.7 వోల్టుల దగ్గర. అంటే మొత్తం శక్తి 37 వాట్-అవర్లు. బయటికొచ్చేది 5 వోల్టుల్లో కాబట్టి లెక్క ప్రకారమే 7,400 ఎంఏహెచ్, మార్పిడిలో పోయేది పోగా అంతకన్నా తక్కువ. కొనేటప్పుడు లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే రేటెడ్ కెపాసిటీ, అంటే నిజంగా బయటికొచ్చే అంకె చూడండి.

రీసెంట్ యాప్స్ అన్నీ ఊడ్చేయడం వల్ల బ్యాటరీ మిగలదు. మళ్లీ తెరిచినప్పుడల్లా యాప్ మొదట్నుంచి లోడవుతుంది, దానికే ఎక్కువ ఖర్చు. బ్యాటరీ వాడకం జాబితాలో పైన కూర్చున్న యాప్ ఏదో చూసి, దాని బ్యాక్‌గ్రౌండ్ అనుమతి తీసేయండి.

వేడెక్కిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకా చెడ్డ పని. లోపల తేమ పడుతుంది. ఛార్జింగ్ ఆపి, కవర్ తీసి, నీడలో ఉంచితే చాలు.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ, ఉబ్బిన బ్యాటరీని సూదితో పొడిచి గాలి తీసేస్తే సరిపోతుందన్నది. లోపలున్నది మండే గుణమున్న వాయువు. పొడిస్తే లోపలి పొరలు షార్ట్ అయి మంట లేస్తుంది. స్క్రీన్ గానీ వెనక మూత గానీ పైకి లేచినట్టు కనిపిస్తే అప్పుడే ఛార్జింగ్ మానేసి, స్విచ్ ఆఫ్ చేయండి. లేచిన భాగాన్ని నొక్కి సర్దే ప్రయత్నం వద్దు. కాలే వస్తువులకు దూరంగా ఉంచి సర్వీస్ సెంటర్‌కి చేర్చండి. తీసేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా ఈ-వేస్ట్ సేకరణకే ఇవ్వండి.